సీతమ్మ హనుమంతుణ్ణి చూసి ఎందుకు భయపడింది? ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీ లైన్‌లో నాకు అర్థమైన సుందరకాండ



మన సుందరకాండ సిరీస్‌లో ఈ వారం వీడియో చూసే ఉంటారు. అందులో 34వ సర్గ గురించి రెండు నిమిషాలే మాట్లాడాను. కెమెరా ముందు చెప్పలేక వదిలేసిన మాట ఒకటి ఉంది. అది ఇక్కడ రాస్తున్నా. సెక్యూరిటీ చెకింగ్ అన్నా, తెలియనివాళ్ళు ఒంటి మీద చెయ్యి వేయడం అన్నా గుండె దడ పుట్టేవాళ్ళు మీలో ఉంటే ఈ పోస్ట్ మీకోసమే. ఆ ఇబ్బంది లేనివాళ్ళు కూడా చదవండి. రేపు లైన్‌లో మీ పక్కన నిలబడేవాళ్ళకి ఉండొచ్చు కదా.

నేను వెనక్కి వచ్చేసిన రోజు

ఇంటర్ చదివేటప్పుడు నేను హాస్టల్‌లో ఉండేదాన్ని. ఒక రాత్రి ఎవరివో డబ్బులు పోయాయి. మమ్మల్నందరినీ లేపి, వరుసగా నిలబెట్టి సోదా చేశారు. చేసింది ఆడవాళ్ళే. కానీ చేసిన తీరు, అన్న మాటలు, అందరి ముందు నా ఒంటి మీద పడిన చేతులు... అంతకంటే రాయను. డబ్బులు నా దగ్గర దొరకలేదు. ఎవరూ సారీ కూడా చెప్పలేదు. ఇంట్లో చెప్తే చదువు మాన్పిస్తారేమోనని నేనూ నోరు మూసుకున్నా.

అది మర్చిపోయాననే అనుకున్నా. కానీ మెట్రో ఎక్కడం మానేశాను, ఎక్కడికైనా స్కూటీ మీదే. మాల్‌కి రమ్మంటే ఏదో ఒక సాకు. ఇదంతా నా అలవాటు అనుకున్నానే గానీ, భయం అని నాకే తెలియదు.

తెలిసింది రెండేళ్ళ క్రితం. నాన్నగారు పోయారు. అన్నయ్యకి రెండు రోజులే సెలవు. ట్రైన్‌లో కాశీకి ఒక రోజు పైనే పడుతుంది కాబట్టి ఫ్లైట్ బుక్ చేశాడు. నాన్న అస్థికలు గంగలో కలిపేటప్పుడు నేనూ ఉండాలని నా కోరిక. శంషాబాద్‌లో ఆడవాళ్ళ లైన్‌లో నిలబడ్డా. ముందున్న ఆవిడ కర్టెన్ వెనక్కి వెళ్ళింది. ఆ కర్టెన్ కదలడం చూశా, అంతే. నోరు ఎండిపోయింది, కాళ్ళు వణికాయి, చెవుల్లో హోరు. హనుమాన్ చాలీసా మొదలుపెడితే మూడో మాటే గుర్తు రాలేదు. లైన్‌లోంచి బయటికి వచ్చేశాను. అన్నయ్య ఒక్కడే వెళ్ళాడు.

తరువాత పెద్దమ్మ అంది, "నమ్మకం గట్టిగా ఉంటే భయం ఎందుకేస్తుందే?" ప్రేమతోనే అంది. కానీ ఆ మాట నాలో ముల్లులా ఉండిపోయింది. భక్తి గురించి ఊళ్ళోవాళ్ళందరికీ చెప్పే నాకు భక్తే లేదా అని.

అమ్మ పారాయణంలో విన్న సర్గ

నాన్న పోయాక అమ్మ సుందరకాండ పారాయణం పట్టింది. 68 సర్గలు, రోజుకు కొన్ని. వంటింట్లో ఉండి వింటుండేదాన్ని. 34వ సర్గ వచ్చిన రోజు పొయ్యి కట్టేసి వచ్చి కూర్చున్నా.

కథ మీకు తెలిసిందే. కానీ వరుస ఒకసారి గమనించండి. హనుమంతుడు శింశుపా చెట్టు మీద నుంచి రామకథ చెప్పాడు. సీతమ్మ విన్నది. తానెవరో చెప్పింది. రామలక్ష్మణుల క్షేమం తెలిసి సంతోషించింది కూడా. అంటే అప్పటికే ఆయన రాముడి దూత అని మనసుకు అందింది. ఆ తరువాత ఆయన నమస్కరించడానికి దగ్గరికి వస్తున్నాడు. ఒక్కో అడుగు దగ్గరయ్యే కొద్దీ ఆమెకు ఆయన రావణుడేమో అన్న అనుమానం పెరుగుతోంది. పట్టుకున్న అశోక కొమ్మ వదిలేసి నేల మీద కూర్చుండిపోయింది.

ఎందుకు? పర్ణశాల దగ్గరికి రావణుడు ఎలా వచ్చాడు? సన్యాసి వేషంలో, మంచి మాటలతోనే కదా. దగ్గరికి వచ్చే మంచి మనిషిని చూసి ఆమె శరీరం ఆ రోజునే గుర్తు తెచ్చుకుంది.

సీతమ్మకి రాముడి మీద నమ్మకం తక్కువై భయపడిందని ఎవరైనా అనగలమా? నేను అమ్మ ఒళ్ళో తల పెట్టి చాలాసేపు ఏడ్చాను. పదేళ్ళ నాటి హాస్టల్ సంగతి ఆ రోజే అమ్మకి చెప్పాను.

ఇదే నాకు దొరికిన పాఠం. భయం భక్తికి వ్యతిరేకం కాదు. ఒకసారి గాయపడిన శరీరం మనల్ని కాపాడాలని ముందే గంట కొడుతుంది. మెదడులో అమిగ్డాలా అనే భాగం ప్రమాదాన్ని పోల్చుకోవడంలో చాలా తొందరపడుతుంది. "ఇది హాస్టల్ కాదు, ఎయిర్‌పోర్ట్" అని ఆలోచించి చెప్పే భాగం ఆ తరువాత అందుకుంటుంది. ఈలోపు నోరు ఎండిపోతుంది, చేతులు వణుకుతాయి. గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు తన ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పినప్పుడు ఈ లక్షణాలే ఉంటాయి. అంతటి వీరుణ్ణి కృష్ణుడు వదిలేసి వెళ్ళిపోలేదు.

హనుమ ఏం చేశాడు, సీతమ్మ ఏం చేసింది

ఆ కొన్ని సర్గల్లో నాకు నాలుగు పనులు కనిపించాయి. ఒక్కోటి సెక్యూరిటీ లైన్‌కి ఎలా పనికొస్తుందో చెప్తాను.

*1. ముందు చెప్పి దగ్గరికి రావడం.* సంస్కృతంలో మాట్లాడితే రావణుడనుకుని భయపడుతుందేమో అని కూడా హనుమ ఆలోచించాడు. చటుక్కున ముందుకు దూకలేదు. ముందు మాట, తరువాత మనిషి.

మనమూ అదే అడగొచ్చు. లోపలికి వెళ్ళగానే, ఆఫీసర్ చెయ్యి ఎత్తకముందే, "మేడమ్, ముట్టుకుంటే నాకు కంగారొస్తుంది. ఎక్కడ చెక్ చేస్తున్నారో చెప్తూ చేస్తారా?" అనండి. హిందీలో అయితే, "మేడమ్, ముఝే ఘబ్రాహట్ హోతీ హై, బతాకర్ చెక్ కీజియే ప్లీజ్." కారణం చెప్పక్కర్లేదు. మీ గతం వాళ్ళకి అప్పజెప్పక్కర్లేదు. ఈ వాక్యం ఇంట్లో అద్దం ముందు పదిసార్లు పైకి అని చూసుకోండి, ఆ క్షణంలో కొత్త మాటలు రావు.

*2. ప్రశ్న అడగడం.* సీతమ్మ ఊరికే నమ్మలేదు. రామలక్ష్మణుల రూపం, గుర్తులు చెప్పమని అడిగింది. హనుమ విసుక్కోకుండా వివరంగా చెప్పాడు.

మనకీ ఏం జరగబోతోందో ముందే తెలిస్తే సగం బరువు దిగుతుంది. మన దేశంలో పెద్ద ఎయిర్‌పోర్టుల్లో ఈ పని చేసేది ఎక్కువగా సీఐఎస్ఎఫ్. 1999 డిసెంబరులో కాందహార్ హైజాక్ జరిగాక, 2000 నుంచి ఎయిర్‌పోర్టులు వాళ్ళ చేతికి రావడం మొదలైంది. చెకింగ్ అందరికీ ఉంటుంది, మీ మీద అనుమానం ఉండి కాదు. హాస్టల్‌కీ దీనికీ నాకు కనిపించిన పెద్ద తేడా ఇదే. బ్యాగు, ఫోను, ల్యాప్‌టాప్, పవర్ బ్యాంక్ ట్రేలో పెడతారు. డోర్‌ఫ్రేమ్‌లోంచి నడుస్తారు. ఆడవాళ్ళని కర్టెన్ వేసిన చోట మహిళా సిబ్బందే చూస్తారు. చిన్న పీట మీద నిలబడి చేతులు చాపితే, చేతిలో ఉన్న డిటెక్టర్ ఒంటి చుట్టూ తిప్పుతారు. మోగిన చోట చేత్తో చూస్తారు. మామూలుగా నిమిషంలో అయిపోతుంది. అందుకే పిన్నీసులు, మెటల్ క్లిప్పులు, బెల్టు, పెద్ద పెద్ద గాజులు ఆ రోజుకి ఇంట్లో పెట్టేస్తే మోతే తగ్గుతుంది. మగవాళ్ళని సాధారణంగా బయటే, అందరి ముందే చూస్తారు. తమ్ముళ్ళూ, ఈ భయం మీకూ ఉండొచ్చు, సిగ్గుపడక్కర్లేదు. కాస్త పక్కకి తీసుకెళ్ళి చెక్ చేయమని మీరూ అడగొచ్చు.

అమెరికాకి చదువుకి వెళ్ళేవాళ్ళకి ఒక మాట. అక్కడ టీఎస్ఏ కేర్స్ అనే హెల్ప్‌లైన్ ఉంది. ప్రయాణానికి 72 గంటల ముందు ఫోన్ చేసి మీ ఇబ్బంది చెప్పుకోవచ్చు. చేత్తో తనిఖీ చేయాల్సి వస్తే విడిగా గదిలో చేయమని, మీతో వచ్చినవాళ్ళని తోడు ఉండనివ్వమని అడిగే హక్కు ఉంది.

*3. ఉంగరం.* మాటలన్నీ అయ్యాక హనుమ రామనామం చెక్కిన ఉంగరం ఇచ్చాడు. అది చేతిలోకి తీసుకోగానే రాముడే వచ్చినట్టు ఆమెకు అనిపించింది. భయంలో ఉన్న మనిషికి పట్టుకోవడానికి ఒకటి కావాలి.

నాకు హనుమాన్ లాకెట్ ఉంది, కానీ అది ట్రేలోకి పోతుంది! అందుకే నేను పట్టుకునేది శ్వాస, నామం. "రా" అన్నప్పుడు మెల్లగా లోపలికి, "మ" అన్నప్పుడు అంతకు రెట్టింపు సేపు బయటికి. ఊపిరి వదలడం పొడిగిస్తే గుండె వేగం తగ్గుతుంది, శరీరం తీరే అది. చాలీసా మొత్తం గుర్తు రాకపోయినా రెండక్షరాలు వస్తాయి. అవీ రాకపోతే కాలి వేళ్ళు నేలకి గట్టిగా అదిమి, కళ్ళ ముందున్న ఐదు వస్తువుల పేర్లు మనసులో చెప్పుకోండి. తుపాకీ, కర్టెన్, ట్రే, ఫ్యాన్, ఎవరో పాప చేతిలో బొమ్మ. ఇప్పుడు ఎక్కడున్నామో శరీరానికి గుర్తు చేయడమే దాని పని.

*4. హద్దు చెప్పడం.* హనుమ తన వీపు మీద తీసుకెళ్తానన్నాడు. సీతమ్మ వద్దంది. తన ఇష్టంతో పరపురుషుణ్ణి తాకనంది. రావణుడు తాకింది బలవంతంగా, అప్పుడు తాను నిస్సహాయురాలినని, ఏం చేయగలనని అంది. హనుమ ఆమె మాటని మెచ్చుకున్నాడు.

ఇది మళ్ళీ చదవండి. జరిగినదాంట్లో తన తప్పు లేదని సీతమ్మ తన నోటితోనే చెప్పుకుంది. పదహారేళ్ళ వయసులో ఆ వరుసలో నిలబడ్డ నేనూ నిస్సహాయురాలినే.

నిజం చెప్పాలి కదా, ఎయిర్‌పోర్ట్‌లో చెకింగే వద్దంటే ఫ్లైట్ ఎక్కనివ్వరు. కానీ "ఒక్క నిమిషం ఆగండి" అనొచ్చు. ఎవరైనా దురుసుగా ప్రవర్తిస్తే అక్కడే పై ఆఫీసర్‌ని పిలవమని అడగొచ్చు.

చిన్న మెట్లు

ఒక్కరోజులో పోలేదండీ. మనసుని వశం చేసుకోవడానికి కృష్ణుడు గీత ఆరో అధ్యాయంలో చెప్పిన దారి అభ్యాసం, వైరాగ్యం. నేను మొదలుపెట్టింది అభ్యాసంతో. ముందు ఒక క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ సలహాతో మొదట మాల్ గేటు దాకా వెళ్ళి దూరం నుంచి చూసి వచ్చేశా. తరువాత అమ్మతో లోపలికి. తరువాత మెట్రో స్టేషన్. రెండుసార్లు ఏడ్చి ఇంటికొచ్చాను. మూడోసారి రైలెక్కి, రెండు స్టేషన్లు వెళ్ళి, దిగి టీ తాగా.

దయచేసి జపం ఒక్కటే చాలనుకోకండి. ఇలాంటి గాయాలకి ప్రత్యేకమైన చికిత్సలు ఉన్నాయి. ఎవరిని అడగాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబర్ 14416కి చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. జ్వరమొస్తే దేవుడికి దండం పెట్టుకుని మాత్ర కూడా వేసుకుంటాం కదా, ఇదీ అంతే.

మళ్ళీ కాశీకి

ఈ జనవరిలో అమ్మా నేనూ కాశీ బయలుదేరాం. మూడు గంటల ముందే శంషాబాద్ చేరాం, కంగారులో పరుగు కూడా తోడు కాకూడదని. అమ్మని నా ముందు నిలబెట్టుకున్నా. కర్టెన్ కదిలింది. గుండె దడ వచ్చింది. అవును, మళ్ళీ వచ్చింది. లోపలికి వెళ్ళి నా వాక్యం చెప్పాను, గొంతు వణికింది. ఆ ఆఫీసర్ నా వయసే ఉంటుంది. ఒక్క క్షణం నా మొహం చూసి, "సరే అక్కా, చెప్తూ చేస్తా. ముందు చేతులు... ఇప్పుడు వీపు... అయిపోయింది" అంది. బోర్డింగ్ పాస్ మీద స్టాంపు వేసింది. బయటికొచ్చి ట్రే దగ్గర అమ్మని పట్టుకుని నిలబడిపోయా. వెనకవాళ్ళు "జరగండమ్మా" అనేదాకా.

తిరుగు ప్రయాణంలో, కాశీలో, ఆఫీసర్ నా మాట సరిగ్గా వినలేదు. చకచకా చేసేసింది. ఒళ్ళు వణికింది, పది నిమిషాలు కుర్చీలో కూర్చుని రెండక్షరాలూ పట్టుకున్నా. తగ్గింది. ఫ్లైట్ ఎక్కాను.

మణికర్ణిక ఎదురుగా పడవలో కూర్చుని, నాన్నకి ఆ రోజు రాలేకపోయినందుకు క్షమాపణ చెప్పబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని, "వచ్చావుగా తల్లీ" అంది.

ఈ వారం మన సాధన ఒక్కటే. 34వ సర్గ నుంచి 37వ సర్గ దాకా నిదానంగా చదవండి, తాత్పర్యం చాలు. చదివాక, ఎవరి ముందూ చెప్పుకోలేకపోయిన భయం ఒకటి మీకుంటే, మీరు నమ్మే ఒక్క మనిషికి చెప్పండి. అలా ఎవరైనా మీకు చెప్తే, హనుమలా వినండి. "ఎందుకు భయం?" అనకండి.

జై శ్రీరామ్! జై హనుమాన్!