కేయూ ఎవరిది?

చిరంజీవి వంశీకి,


నువ్వు పంపిన తెలుగు వికీపీడియా లింకు తెరిచి ఆ పేజీ చరితమంతా చదివాను. నువ్వు ‘కేయూ’ అనే దారిమార్పును కాకతీయ విశ్వవిద్యాలయానికి కలపడం, ఆ మచిలీపట్నం అబ్బాయి దాన్ని అయోమయ నివృత్తి పేజీగా మార్చడం, నువ్వు వెనక్కి తిప్పడం, అతను మళ్లీ తిప్పడం. ‘హన్మకొండలో ఏ ఆటో అతన్నయినా అడుగు’ అని దిద్దుబాటు సారాంశంలో నువ్వు రాశావు. ‘బందరులో అడిగి చూడు’ అని అతను. మొదట నవ్వొచ్చింది. ఆ కింద ఇద్దరూ రాష్ట్రాల దాకా వెళ్లి అనుకున్న మాటలు చదివాక నవ్వు పోయింది.

నిర్వాహకుడు పేజీకి తాళం వేశాడని నీకు కోపంగా ఉందట. వేయకపోతేనే తప్పు. ఇంగ్లీషు వికీలో అయితే 24 గంటల్లో ఒకే పేజీని మూడు సార్లకు మించి వెనక్కి తిప్పినవాణ్ణి నిరోధించవచ్చు, వాడి వైపు న్యాయం ఉన్నా సరే. ఎవరిది ఒప్పు అన్నది తర్వాతి సంగతి. నాకు అది సబబుగానే తోస్తుంది.

ఇక అసలు విషయానికి వద్దాం. కాకతీయ 1976లో ఏర్పడింది. అంతకు ముందు అది ఉస్మానియా వారి వరంగల్ పీజీ సెంటరు. మచిలీపట్నంలో కృష్ణా విశ్వవిద్యాలయం వచ్చింది 2008లో, వాళ్లు ఎక్కువగా కేఆర్‌యూ అని రాసుకుంటారు. ఇంతవరకు నీదే పైచేయి అనుకో. కానీ కేరళ ఉంది, కురుక్షేత్ర ఉంది, ధార్వాడ్‌లో కర్ణాటక విశ్వవిద్యాలయం ఉంది, నేపాల్‌లో ఖాట్మండు ఉంది. అమెరికాలో కాన్సాస్ వాళ్లది మరీ విచిత్రం. అసలు పేరు యూనివర్సిటీ ఆఫ్ కాన్సాస్, పిలుచుకునేది మాత్రం తలకిందులుగా కేయూ అని. ఆ రెండక్షరాల మీద వీళ్లలో ఎవరికీ పట్టా లేదు.

అలాగని నీ వాదన కొట్టివేయదగ్గదీ కాదు. తెలుగు వికీలో ‘కేయూ’ అని టైపు చేసేవాళ్లలో అత్యధికులు కాకతీయ కోసమే వెతుకుతారని చూపగలిగితే, దారిమార్పు అక్కడికే ఉంచి, వ్యాసం నెత్తిన ‘ఇతర అర్థాల కోసం అయోమయ నివృత్తి పేజీ చూడండి’ అని ఒక వరస పెట్టవచ్చు. ఇదేం కొత్త ఉపాయం కాదు, ఏళ్లుగా నడుస్తున్న పద్ధతే. చూపాల్సిన బాధ్యత మాత్రం నీది. నువ్వు పెట్టిన సాక్ష్యాలు చూశాను, అన్నీ దినపత్రికల వరంగల్ జిల్లా పేజీలే. జిల్లా పేజీ రాసే విలేకరి తన ఊరి పాఠకుల కోసం రాస్తాడు. వరంగల్‌లో కేయూ అంటే చాలు, విడమరచి చెప్పాల్సిన అవసరం అతనికి లేదు. కృష్ణా జిల్లా పేజీ తీస్తే అవతలి అబ్బాయికీ అంతే సాక్ష్యం దొరుకుతుంది. మొదటి పేజీ వార్తలు, రాష్ట్రమంతా చదివే వార్తలు చూడు. అక్కడ విడమరచకుండా కేయూ అని ఎంత తరచుగా రాస్తున్నారో చూపించు, అప్పుడు నేనూ నీ వైపు సంతకం పెడతాను.

రేపు కేఎంసీ మీద కూడా ఇలాగే మీద పడతావేమో, ముందే చెబుతున్నా. నీకు కేఎంసీ అంటే కాకతీయ మెడికల్ కాలేజీ. రాయలసీమ వాళ్లకు కర్నూలు మెడికల్ కాలేజీ. మణిపాల్‌లో చదివినవాళ్లకు కస్తూర్బా. దాని జోలికి పోకు.

పొడి అక్షరాల తగువు ఒక రకం, పూర్తి పేరు తగువు ఇంకో రకం. నువ్వు రెండింటినీ కలిపేస్తున్నావు. గచ్చిబౌలి విశ్వవిద్యాలయాన్ని చూడు. 1974లో పార్లమెంటు చట్టంతో పుట్టిన దాని పేరు యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్. ‘సెంట్రల్’ అనే మాట ఆ పేరులో లేదు. వాళ్లు యూఓహెచ్ అని రాసుకుంటారు. పేపర్లు, పిల్లలు, బస్సు కండక్టర్లు మాత్రం హెచ్‌సీయూ అనే అంటారు. అక్కడ వ్యాసం శీర్షిక పూర్తి పేరుతో ఉండి, మొదటి వాక్యంలో హెచ్‌సీయూ అని కూడా పిలుస్తారని చెప్పి, ఆ అక్షరాలతో వెతికినవాళ్లూ అక్కడికే చేరేలా దారిమార్పు పెడితే చాలు. విశ్వవిద్యాలయం వాళ్ల లెటర్‌హెడ్ ఏం చెబుతుందన్నది ఒక్కటే లెక్క కాదు. దానితో సంబంధం లేని పత్రికలు, పుస్తకాలు ఏమని రాస్తున్నాయన్నదే ఇంగ్లీషు వికీలో పెద్ద కొలమానం. అందుకే వర్జీనియా పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్ అండ్ స్టేట్ యూనివర్సిటీ వ్యాసం అక్కడ ‘వర్జీనియా టెక్’ అనే శీర్షికతో ఉంటుంది. ఎంఐటీని ప్రపంచమంతా ఎంఐటీ అనే పిలిచినా శీర్షిక మాత్రం బారెడు పేరే. ఒకే సూత్రం పట్టుకుని అన్నింటికీ అంటించాలంటే కుదరదు, దేనికది కూర్చుని మాట్లాడుకోవాల్సిందే.

మన రెండు రాష్ట్రాల్లో అసలైన తలనొప్పి పేర్లు మారడంతో వస్తుంది. విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయం 1986లో మొదలైంది. తర్వాత దానికి ఎన్టీఆర్ పేరు పెట్టారు, 2022లో వైఎస్సార్ పేరుకు మార్చారు, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరే తెచ్చారు. మార్చినప్పుడల్లా వికీలో కొందరు ఒక పాడు పని చేస్తారు. ఆ ఒక్క వ్యాసంతో ఆగకుండా, ఆ విశ్వవిద్యాలయంలో ఎప్పుడో చదివిన డాక్టర్ల వ్యాసాలన్నింటిలో పేరు మార్చుకుంటూ పోతారు. 2010లో ఎంబీబీఎస్ పట్టా పుచ్చుకున్నవాడి పట్టా మీద ఏ పేరుందో వ్యాసంలోనూ అదే ఉండాలి కదా? పార్టీ మీద అభిమానం ఉంటే ఉండనీ, చరిత్రను వెనక్కి వెళ్లి దిద్దకూడదు. నువ్వూ ఇందులో తక్కువ తినలేదురా. 1970లో వరంగల్‌లో ఎమ్మే చదివిన ఒక కవి వ్యాసంలో ‘కాకతీయ విశ్వవిద్యాలయం నుంచి పట్టా’ అని నువ్వు దిద్దిన సంగతి నా వీక్షణ జాబితాలో పడింది. ఆయన పట్టా మీద ఉండేది ఉస్మానియా.

వ్యవసాయ విశ్వవిద్యాలయం కథ ఇంకా చిక్కు. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంగా రాజేంద్రనగర్‌లో మొదలైంది. 1996లో ఆచార్య ఎన్.జి. రంగా పేరు వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయాక రాజేంద్రనగర్ ప్రాంగణం ప్రొఫెసర్ జయశంకర్ పేరిట తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం అయింది, రంగా పేరున్న సంస్థ గుంటూరు దగ్గరి లాంకు వెళ్లింది. ఇప్పుడు చెప్పు, 1985లో రాజేంద్రనగర్‌లో విడుదలైన ఒక వరి వంగడం గురించి రాయాలంటే అది ఏ వ్యాసంలోకి వెళ్తుంది? నేల ఒకరి దగ్గర ఉంది, పేరు ఇంకొకరి దగ్గర ఉంది. ‘మాది’ అంటే ‘మాది’ అని రెండు వైపులా లాగితే తెగేది కాదిది. రెండు వ్యాసాల్లోనూ 2014కు ముందు చరిత్ర ఉమ్మడిదని ఒక పేరా రాసి, ఒకదాని నుంచి ఇంకోదానికి లింకు ఇవ్వడం నాకు తోచిన దారి. దీనికి ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. వాళ్ల వాదనలోనూ పస లేకపోలేదు.

ఇంకోటి, తొందర. ముఖ్యమంత్రి ప్రకటించిన సాయంత్రానికే శీర్షిక తరలించేస్తారు. తెలుగు విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టాలని తెలంగాణ మంత్రివర్గం 2024లో నిర్ణయించింది, శాసనసభలో బిల్లు వచ్చేసరికి 2025 మార్చి. నిర్ణయం వేరు, చట్టం వేరు. చట్టం అయ్యాక కూడా జనం, పత్రికలు కొత్త పేరుకు అలవాటు పడ్డారా అన్నది చూడాలి. చట్టం అయ్యేదాకా ‘పేరు మార్చాలని ప్రతిపాదించారు’ అని వ్యాసంలో ఒక వాక్యం చేర్చితే ఎవరి సొమ్మూ పోదు.

పేర్ల గురించి ఇంత పట్టింపు దేనికని నువ్వనవచ్చు. నేను పరీక్షల విభాగంలో పనిచేసింది ఇలాంటి పట్టింపుల మధ్యనే. కౌంటరు దగ్గరకు వచ్చేవాళ్ల చేతిలో పాత పేరుతో మార్కుల మెమో, కొత్త పేరుతో ప్రొవిజనల్ ఉండేవి. అమెరికాలో సర్టిఫికెట్లు పరిశీలించే సంస్థ ‘ఈ రెండూ ఒకటేనా’ అని అడిగిందని ఉత్తరం పట్టుకొచ్చేవారు. ‘పూర్వం ఫలానా పేరుతో ఉన్న విశ్వవిద్యాలయమే ఇది’ అని లెటర్‌హెడ్ మీద టైపు చేయించి, కంట్రోలరు సంతకం, గుండ్రటి సీలు వేయించి ఇచ్చేదాన్ని. సీలులో పాత పేరే ఉండిపోయి, ఆ కాగితమే మళ్లీ వెనక్కి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ఈ రోజుల్లో అలా పరిశీలించేవాడు కూడా ముందు చేసే పని గూగుల్‌లో కొట్టి వికీ వ్యాసం తెరవడమే. అందులో ఏ పేరు ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు ఉందో వరసగా ఉంటే, పాత పేరుతో వెతికినా అదే వ్యాసానికి చేరితే, ఒక పిల్ల వీసా పని నెల ముందు తేలుతుంది. శీర్షికలో ఎవరి పేరుందన్నది ఆ పిల్లకు పట్టదు.

అయినా పేరు ఉత్త అక్షరాలు అని నీకు చెప్పబోవడం లేదు, అది అబద్ధం. ఒకప్పుడు మన హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉన్న మరాఠ్వాడాలో, ఔరంగాబాద్‌లోని మరాఠ్వాడా విశ్వవిద్యాలయానికి అంబేడ్కర్ పేరు పెట్టాలని 1978లో మహారాష్ట్ర శాసనసభ తీర్మానించింది. దళితవాడలు తగలబడ్డాయి, ప్రాణాలు పోయాయి. 1994 జనవరి 14న గాని పేరు మారలేదు, అదీ రెండు పేర్లూ కలిపి, డాక్టర్ బాబాసాహెబ్ అంబేడ్కర్ మరాఠ్వాడా విశ్వవిద్యాలయం అని. పదహారేళ్లు జనం వీధుల్లో నిలబడి తెచ్చుకున్న పేరు అది. పొడవుగా ఉందని దాన్ని కుదించి ‘మరాఠ్వాడా యూనివర్సిటీ’ అని శీర్షిక పెడితే, చేసినవాడికి అది చిన్న దిద్దుబాటే, చదివేవాడికి కాదు. పోరాటం వీధిలో జరిగింది, శాసనసభలో తేలింది. వికీలో నువ్వు చేయగలిగింది అది ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు రాయడం. అక్కడ ఓడిన పోరాటాన్ని ఇక్కడ గెలవాలని చూడకు. గెలిచినదాన్ని ఇక్కడ ఇంకోసారి గెలవనూ అక్కర్లేదు.

అక్షరాల కోసం కోర్టుకెక్కినవాళ్లూ ఉన్నారులే. సౌత్ కరోలినా, సదరన్ కాలిఫోర్నియా, రెండూ యూఎస్‌సీలే. బేస్‌బాల్ టోపీ మీద ‘ఎస్‌సీ’ అని కుట్టుకునే హక్కు ఎవరిదని ఏళ్ల తరబడి వాదించుకున్నారు, 2010లో కాలిఫోర్నియా వాళ్లు గెలిచారు. సౌత్ కరోలినాది వాళ్లకంటే దాదాపు ఎనభై ఏళ్ల పెద్ద సంస్థ, ఆ పెద్దరికం కోర్టులో పనికిరాలేదు. ‘మా కాకతీయే ముందు పుట్టింది’ అన్న నీ రెండో వాదనకు ఇదే నా జవాబు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. రచ్చబండకు ఎక్కకు, అక్కడ పది మంది చేరితే పది పాత కక్షలు బయటికి వస్తాయి. ఆ వ్యాసం చర్చా పేజీలో ఒక విభాగం తెరిచి, పైన చెప్పిన ప్రతిపాదన పెట్టు. జిల్లా పేజీల లింకులు నీ అంతట నువ్వే తీసెయ్యి, అవతలివాడు ఎత్తిచూపేదాకా ఆగకు. వారం రోజులు అందరికీ సమయం ఇవ్వు. తీర్పు నీకు నచ్చకపోయినా ఆ పేజీని ఆరు నెలలు ముట్టుకోకు. ఈలోగా కాకతీయ వ్యాసంలో, ఏ కాలేజీలు ఉస్మానియా పరిధి నుంచి ఎప్పుడు వచ్చాయో, ఏవి తర్వాత కరీంనగర్‌లోని శాతవాహన విశ్వవిద్యాలయానికి వెళ్లాయో మూలాలతో రాయి. అది నీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మీ నాన్న దగ్గర పాత ప్రాస్పెక్టస్‌లు అట్టపెట్టెలో ఉన్నాయి, పారేయొద్దని చెప్పు.

అన్నిటికంటే ముందు ఆ అబ్బాయి వాడుకరి చర్చా పేజీకి వెళ్లి, రాష్ట్రాల గురించి అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నానని రాయి. ‘మీరు’ అని రాయి, ‘నువ్వు’ అని కాదు. అతను జవాబివ్వకపోయినా పరవాలేదు. తాళం శుక్రవారం తీస్తారని చూశాను, ఆలోపే రాయి.

మీ అత్తయ్య
సుశీల