తేమగాలిలో ఇంటి దండెం

మన ఊళ్ళలో వేసవినాడు పెరటి దండెంపై వేసిన నూలుచీర చూస్తూండగానే ఆరిపోతుంది. కౌలాలంపూర్ అపార్టుమెంటులో అదే చీర మరునాటికి కూడా చెమ్మగానే ఉంటుంది. ఇక్కడ వేడికి కొదవ లేదు. కొరవడినది గాలికి నీటిని గ్రహించే శక్తి.

30 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఒక ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని మాత్రమే ఇముడ్చుకోగలదు. సాపేక్ష ఆర్ద్రత 80 శాతమైతే అందులో 24 గ్రాములు ముందే చేరి ఉంటాయి. మిగిలిన చోటు 6 గ్రాములకే. యంత్రం పిండిన తరువాత బట్టలలో 2 లీటర్ల నీరు మిగిలిందనుకుందాం. దానిని మోసుకుపోవడానికి 330 ఘనపు మీటర్లకు పైగా గాలి కావాలి. అనగా 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 2.7 మీటర్ల ఎత్తు గల గదిలోని గాలి కనీసం పదిసార్లు మారాలి. మూసిన గదిలో ఎంత ఖరీదైన స్టాండైనా ఈ లెక్కను తప్పించలేదు.

ఆలస్యమైతే ముక్కవాసన తప్పదు. మొరాక్సెల్లా ఆస్లోయెన్సిస్ అనే సూక్ష్మజీవి పుట్టించే ఒక ఆమ్లం ఈ వాసనకు కారణమని 2012లో జపాన్ పరిశోధకులు వెల్లడించారు. ఉతికిన బట్టలో మిగిలిన ఈ జీవి తడి ఉన్నంతసేపూ పెరుగుతుంది. మా అబ్బాయి బడి చొక్కాలకు ఈ వాసన పట్టినప్పుడు, రసాయన శాస్త్రజ్ఞుడనై ఉండి కూడా, నేను సబ్బుపొడినే మార్చి చూశాను. ఫలితం లేకపోయింది. పైగా మూసిన గదిలోని తేమ గోడలకు చేరి బూజు పట్టిస్తుంది; ఉబ్బసం గల పిల్లలకు అది చేటు.

స్టాండు ఎన్నికలో గమనించవలసినవి మూడు. మొదటిది అమరిక. మూడంతస్తుల స్టాండు తక్కువ చోటులో ఇమిడినా, పైబట్టలు క్రిందిబట్టలకు గాలి తగలనీయవు. రెక్కలు విచ్చుకునే ఒకే వరుస స్టాండు మేలు. రెండవది ఎడం. బట్టకూ బట్టకూ నడుమ బెత్తెడు చోటుండాలి. కడ్డీలు దగ్గరగా ఉంటే ఒకటి విడిచి ఒకదానిపై ఆరవేయాలి. మూడవది లోహం. పూత చిట్లిన ఇనుము తుప్పుపట్టి బట్టలపై మరకలు వేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు గాని, అల్యూమినియం గాని మన్నుతుంది.

స్టాండును గోడకు ఆనించక, తెరచిన కిటికీ వద్ద ఫాను గాలి తగిలేటట్లు ఉంచాలి. వానరోజున ఏ.సి. గదిలో ఉంచితే, గాలిలోని తేమ నీరుగా మారి గొట్టం గుండా బయటకు పోతుంది. వారానికొక పెద్ద మూట ఉతకడం మాని, రెండు విడతలుగా ఉతికితే గాలిపై భారం సగమవుతుంది. ఇందుకు కొత్త స్టాండు కూడా అవసరం లేదు.