తీగ తెంచే ముందు లెక్క చూడు

తీర ప్రాంతంలోని వాకాడులో ఒక ఇల్లు అనుకుందాం. ఆ ఇంట్లో నలుగురు ఉన్నారు. అత్త, కొడుకు, కోడలు, తొమ్మిదో తరగతి చదివే మనవరాలు. కొడుకు రొయ్యల గుంటల దగ్గర పనికి పోతాడు. కోడలు పొదుపు సంఘంలో సభ్యురాలు. అత్త ఈ మధ్యనే చదవడం, రాయడం నేర్చుకుంది.

నెల మొదటి వారం. డబ్బులకు కేబుల్ అబ్బాయి వచ్చాడు. కొడుకు డబ్బులు ఇచ్చి, "వచ్చే నెల నుంచి మాకు కేబుల్ వద్దబ్బా. ఇంటర్నెట్ పెట్టించుకుంటాం. టీవీ కూడా దాంట్లోనే చూస్తాం" అన్నాడు.

పొయ్యి దగ్గర ఉన్న అత్త ఆ మాట విన్నది. లేచి వచ్చింది.

అత్త: కేబుల్ తీసేస్తే నా సీరియల్ ఏం గాను?

కోడలు: అది ఇంటర్నెట్‌లో కూడా వస్తుంది అత్తా.

అత్త: ఎవురు పెట్టాల? ఇప్పుడు నేనే నొక్కుకుంటా ఉండాను. రేపు దానికి నీ కూతురి కోసం కాచుకోని ఉండాల్నా?

కోడలు: ఆయన ఖర్చు తగ్గుతుందంటా ఉండాడు.

అత్త: ఎంత తగ్గుద్ది? ఎవురన్నా కాయితం మీద రాసి చూసినారా?

ఎవరూ రాసి చూడలేదు. ఆ రాత్రి మనవరాలు నోటుపుస్తకంలో ఒక కాగితం తీసింది. అందరూ లెక్కకు కూర్చున్నారు. వాళ్ళ లెక్క చూసే ముందు, టీవీ మన ఇంటికి ఎలా వచ్చిందో తెలుసుకుందాం.

టీవీ వచ్చిన దారి

మన దేశంలో మొదటి టీవీ ప్రసారం 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో జరిగింది. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా 2,400 పల్లెలకు టీవీ చూపించారు. ఆ పల్లెలు ఆరు రాష్ట్రాలవి. అందులో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. అప్పుడు ఊరంతటికీ ఒకటే టీవీ. జనం దాని ముందు కూర్చుని సేద్యం గురించి, ఆరోగ్యం గురించి చూసేవారు. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలైంది.

1990 తర్వాత కేబుల్ వచ్చింది. 1995లో జెమిని, ఈటీవీ వంటి తెలుగు ఛానెళ్ళు మొదలయ్యాయి. ఇంటింటికీ నల్ల తీగ వచ్చింది. నెలనెలా డబ్బు కట్టడం అలవాటైంది.

2016లో ఫోన్‌లో ఇంటర్నెట్ ధర బాగా తగ్గింది. జనం ఫోన్‌లోనే సినిమాలు చూడసాగారు. అదే ఏడాది డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామంలో ప్రభుత్వం ఇంటింటికీ ఇంటర్నెట్ తీగ ఇచ్చింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. ఒకే తీగలో టీవీ, ఇంటర్నెట్, ఫోన్ మూడూ వచ్చాయి. మొదట్లో దాని ధర నెలకు 149 రూపాయలు. తర్వాత ధరలు మారాయి. 2020లో ఆహా అనే తెలుగు యాప్ వచ్చింది. సినిమాలు, సీరియళ్ళు చూపించే ఇలాంటి యాప్‌లను ఓటీటీ అంటారు.

కాలువ నీళ్ళు, బోరు నీళ్ళు

కేబుల్ కాలువ లాంటిది. స్వర్ణముఖి బ్యారేజీ నుంచి నీళ్ళు వదిలినప్పుడే కాలువలో నీళ్ళు వస్తాయి. మనం అప్పుడే పట్టుకోవాలి. కేబుల్‌లో సీరియల్ కూడా అంతే. రాత్రి 7 గంటలకు వస్తుందంటే 7 గంటలకు కూర్చోవాలి.

ఇంటర్నెట్ బోరు లాంటిది. మనకు కావలసినప్పుడు స్విచ్ వేసుకుంటాం. పని అంతా అయ్యాక రాత్రి 9 గంటలకు సీరియల్ పెట్టుకోవచ్చు. మధ్యలో ఆపి, మళ్ళీ అక్కడి నుంచే చూడవచ్చు.

ఇంటర్నెట్ మన ఇంటికి గాజు తీగలో వస్తుంది. అది వెంట్రుకలాగా సన్నగా ఉంటుంది. దానిలో వెలుగు పరుగెత్తుతుంది. ఆ వెలుగే బొమ్మలను, మాటలను మోసుకొస్తుంది. ఇంట్లో ఒక చిన్న పెట్టె పెడతారు. దాని పేరు రూటర్. రూటర్ నుంచి ఇంట్లోని ఫోన్లకు, టీవీకి తీగ లేకుండానే ఇంటర్నెట్ అందుతుంది. దాన్నే వైఫై అంటారు.

"ఫోన్‌లో ఉండే ఇంటర్నెట్‌తోనే టీవీ చూడకూడదా?" అని మీరు అడగవచ్చు. చూడవచ్చు, కాని చాలదు. చాలామంది ఫోన్ ప్యాకుల్లో రోజుకు ఒకటిన్నర, రెండు జీబీలు వస్తాయి. టీవీలో మంచి స్పష్టమైన బొమ్మ చూస్తే గంటకు 3 జీబీల దాకా ఖర్చవుతుంది. మామూలు బొమ్మయితే గంటకు 1 జీబీ దాకా అవుతుంది. అంటే ఒక సినిమా పూర్తికాకముందే ఆ రోజు ప్యాకు అయిపోతుంది. అందుకే ఇంటికి వేరే తీగ కావాలి.

కాగితం మీద లెక్క

ఇప్పుడు ఆ ఇంటి లెక్క చూద్దాం. ఈ ధరలు ఉదాహరణకు వేసుకున్నవి. మీ ఊరి ధరలు వేరుగా ఉంటాయి.

ఇప్పటి ఖర్చు, ఏడాదికి:
కేబుల్: నెలకు 300 రూపాయలు. 12 నెలలకు 3,600.
రెండు ఫోన్లు: ఒక్కొక్క రీఛార్జి 300 రూపాయలు. ఏడాదికి 7,800.
మొత్తం 11,400 రూపాయలు.

"ఫోన్లకు 7,800 ఎట్టయింది? 600 ఇంటు 12 అంటే 7,200 గదా?" అని కోడలు అడిగింది.

మనవరాలు చెప్పింది. "రీఛార్జి నెలకు కాదమ్మా, 28 రోజులకు. ఏడాదికి 365 రోజులు. అంటే 13 సార్లు వేయించాలి."

ఇన్నేళ్ళూ ఆ పదమూడో రీఛార్జిని ఎవరూ గమనించలేదు.

ఇంటర్నెట్ పెట్టిస్తే ఖర్చు, ఏడాదికి:
ఇంటర్నెట్: నెలకు 400 రూపాయలు. దాని మీద నూటికి 18 చొప్పున పన్ను 72 రూపాయలు. మొత్తం 472. 12 నెలలకు 5,664.
ఒక యాప్: ఏడాదికి 600.
రెండు ఫోన్లు: ఇంట్లో వైఫై ఉంది కాబట్టి 200 రూపాయల చిన్న ప్యాకు చాలు. 400 ఇంటు 13, అంటే 5,200.
మొత్తం 11,464 రూపాయలు.

కొడుకు తల గోక్కున్నాడు. తగ్గుతుందనుకున్న ఖర్చు 64 రూపాయలు పెరిగింది. యాప్‌లు రెండు, మూడు అయితే ఇంకా పెరుగుతుంది. కేబుల్ కూడా ఉంచుకుంటే ఇంకో 3,600 కలుస్తుంది.

ఇది కాక ఒకసారి పెట్టే ఖర్చు ఉంది. తీగ వేసినందుకు కొందరు డబ్బు తీసుకుంటారు. టీవీ పాతదైతే దానికి ఇంటర్నెట్ అందదు. చిన్న పెట్టె ఒకటి కొనాలి. మరీ పాత డబ్బా టీవీలకు చాలా పెట్టెలు పనిచేయవు. కొనే ముందు టీవీ వెనక వైపు ఫోటో తీసి అంగట్లో చూపించండి.

కనిపించకుండా పోయే డబ్బు

"లెక్క అయిపోయినట్టే" అన్నాడు కొడుకు.

అత్త ఒప్పుకోలేదు. "బ్యాంకు మెసేజీలు కూడా చూడండి" అన్నది. కోడలు ఫోన్ తీసింది. మెసేజీలు ఇంగ్లీషులో ఉన్నాయి. అత్తకు ఇంగ్లీషు రాదు. కాని అంకెలు వచ్చు. వేలు పెట్టి చూస్తూ పోయింది. ఒక చోట ఆగింది.

అత్త: ఇదేంది? 299. పోయిన నెల కూడా 299. అంతకు ముందు నెలా 299.

కోడలు: నేను ఎవురికీ వెయ్యలేదే!

మనవరాలు తల వంచుకుంది. మూడు నెలల కింద ఒక సినిమా యాప్‌లో "మొదటి నెల ఒక రూపాయే" అని చూసింది. అమ్మ ఫోన్‌లో పిన్ నొక్కి రూపాయి కట్టింది. ఒక సినిమా చూసి మరిచిపోయింది. ఆ యాప్ మాత్రం మరిచిపోలేదు. నెలనెలా డబ్బు తీసుకుంటూ ఉంది. మూడు నెలలకు 897 రూపాయలు. అది సంఘం కంతు కట్టడానికి దాచిన డబ్బు.

అత్త మనవరాలిని తిట్టలేదు. "తప్పు నీదొక్కదానిదే కాదు. మెసేజీ వచ్చినాక మేము చదవకపోవడం మా తప్పు" అన్నది.

ఇలా దానంతట అది డబ్బు పోయే ఏర్పాటును ఆటోపే అంటారు. మనం ఒకసారి ఒప్పుకుని పిన్ నొక్కితే చాలు. ఆపేదాకా నెలనెలా డబ్బు పోతుంది. డబ్బు తీసుకోవడానికి 24 గంటల ముందు మనకు తెలియజేయాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. కాబట్టి మెసేజీ వస్తుంది. చదవడం మన పని.

ఆటోపేను ఆపవచ్చు. డబ్బు పంపే యాప్‌లో ఆటోపే అనే చోటు ఉంటుంది. అక్కడ ఎవరెవరు డబ్బు తీసుకుంటున్నారో కనిపిస్తుంది. వద్దనుకున్నదాన్ని రద్దు చేయాలి. ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే మాత్రం ఆటోపే ఆగదు. ఇది గుర్తుపెట్టుకోండి.

ఇంకో మాట. పిన్ మన డబ్బు పోవడానికే గాని, మనకు డబ్బు రావడానికి కాదు. "మీకు డబ్బు వాపసు ఇస్తాం, పిన్ నొక్కండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే అది మోసం. మోసపోతే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

తుఫాను రోజు

బోరుకు కరెంటు కావాలి. ఇంటర్నెట్‌కూ అంతే. కరెంటు పోతే రూటర్ ఆగిపోతుంది. పైగా ఇంటర్నెట్ తీగను చాలా ఊళ్ళలో కరెంటు స్తంభాల మీదే లాగారు. గాలికి స్తంభం పడితే తీగ కూడా తెగుతుంది. కేబుల్ కూడా ఇలాంటిదే.

1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తుఫాను తీరం దాటింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర దాటింది. దాటే ముందు మన తీరంలో భారీ వానలు కురిపించింది. సముద్రం పక్కన ఉండేవాళ్ళకు వార్త అందడం ప్రాణంతో సమానం. అందుకే ఏ తీగ పెట్టించుకున్నా, బ్యాటరీలతో నడిచే చిన్న రేడియో ఒకటి ఇంట్లో ఉంచండి.

చివరకు ఏం చేశారు?

మరునాడు కేబుల్ అబ్బాయిని మళ్ళీ పిలిచారు. అతను నవ్వుతూ, "ఇంటర్నెట్ తీగ కూడా నేనే వేస్తా ఉండాను పెద్దమ్మా" అన్నాడు.

ఆ ఇంటివాళ్ళు ఇంటర్నెట్ పెట్టించుకోవాలనే అనుకున్నారు. ఖర్చు తగ్గుతుందని కాదు, పాప చదువుకు పనికొస్తుందని. పాఠ్యపుస్తకంలో ఉండే చదరపు గుర్తును ఫోన్‌కు చూపితే దీక్ష యాప్‌లో పాఠాలు వస్తాయి. కాని అత్త నాలుగు షరతులు పెట్టింది.

ఒకటి: ఒక నెల పాటు కేబుల్, ఇంటర్నెట్ రెండూ ఉండాలి. ఇంటర్నెట్ సరిగా వస్తేనే కేబుల్ తీయాలి.
రెండు: ఏ యాప్‌కూ ఆటోపే వద్దు. కావలసినప్పుడు చేత్తో కట్టాలి.
మూడు: రిమోట్ వాడడం నాకు నేర్పాలి.
నాలుగు: రేడియో కొనాలి.

మనవరాలు రిమోట్ బొమ్మ గీసి, ఏ మీట దేనికో తెలుగులో రాసిచ్చింది. అత్త ఆ కాగితాన్ని గోడకు అంటించింది. మూడు రోజులకు సీరియల్ తానే పెట్టుకుంది.

అందరికీ ఇదే దారి కాదు. ఒంటరిగా ఉండే పెద్దామెకు కేబులే సులువు కావచ్చు. 2019 నుంచి కేబుల్‌లో మనకు కావలసిన ఛానెళ్ళనే ఎంచుకునే వీలుంది. చూడని ఛానెళ్ళు తీసేయమని అడగవచ్చు. నెలనెలా ఏమీ కట్టలేనివాళ్ళకు దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్ ఉంది. డిష్, పెట్టె ఒకసారి కొంటే చాలు. దూరదర్శన్ సప్తగిరి అందులో వస్తుంది. డబ్బు కట్టి చూసే ఛానెళ్ళు రావు.

ఏ దారి మంచిదో మీ ఇంటి లెక్కే చెబుతుంది. ఆ లెక్క మీరే రాయాలి.

చర్చించండి

1. మీ ఇంట్లో టీవీ రిమోట్ ఎక్కువసేపు ఎవరి చేతిలో ఉంటుంది? ఎందుకు?
2. అత్త పెట్టిన షరతుల్లో మీకు ముఖ్యమైనది ఏది?
3. పోయిన తుఫానుకు మీకు వార్త ఎలా అందింది?

లెక్క చేయండి

1. ఒక రీఛార్జి 250 రూపాయలు. 28 రోజులకు ఒకసారి వేయించాలి. ఏడాదికి ఎంత?
2. ఇంటర్నెట్ నెలకు 500 రూపాయలు. నూటికి 18 పన్ను. నెలకు మొత్తం ఎంత కట్టాలి?

రాయండి

ఈ నెల మీ ఇంట్లో టీవీకి, ఫోన్లకు అయిన ఖర్చును ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితం దాచండి. వచ్చే నెల ఖర్చు దాని పక్కనే రాయండి.