బ్యాగు దొరకని రోజున

కీసర నుంచి ఒక సోదరి రాశారు: "ఊరి చివర కొత్త ఇల్లు కట్టుకున్నాం. రోడ్డు పక్కనే. పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి టీవీ మీద వేలితో పేరు రాయొచ్చు. మా అత్తమ్మకు ఆయాసం. చీపురు పట్టిన రోజు రాత్రంతా దగ్గుతుంది. చిన్న సైజులో, లోపల బ్యాగు ఉండే వాక్యూమ్ క్లీనర్ ఉప్పల్‌లో చూసొచ్చాం. కొనేముందు చట్టప్రకారం ఏం చూసుకోవాలి?"

అమ్మా, నా దగ్గరికి వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం కొన్నాక, చెడిపోయాక, షాపువాళ్లతో గొడవపడ్డాక రాసేవే. మీరు ముందే అడిగారు. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

బ్యాగు రకం ఎంచుకోవడం మీ ఇంటికి సరైన ఆలోచనే. బ్యాగు లేని రకంలో దుమ్ము ఒక డబ్బాలో చేరుతుంది. దాన్ని దులిపేటప్పుడు సగం మళ్లీ మొహం మీదికే లేస్తుంది. ఆయాసం ఉన్న ఇంట్లో పడ్డ శ్రమంతా అక్కడే వృథా. వాడి పారేసే బ్యాగైతే మూతి మూసి, అలాగే తీసి చెత్తబుట్టలో వేయొచ్చు. ఉతికి మళ్లీ వాడే గుడ్డ బ్యాగు ఖర్చు తగ్గిస్తుంది కానీ, దాన్ని దులిపే పని మాత్రం అత్తమ్మకు దూరంగా, బయట పెట్టుకోవాలి. గాలి బయటికొచ్చే చోట హెపా ఫిల్టర్ ఉందో లేదో కూడా అడగండి. హెచ్13 తరగతి అయితే అతి సన్నని కణాల్లోనూ 99.95 శాతం పట్టాలి. ఊరికే "హెపా లాంటిది" అంటే దానికి ఏ తరగతీ లేదనే లెక్క.

అసలు చిక్కు యంత్రంతో కాదు, బ్యాగుతో. ఒక కంపెనీ బ్యాగు మరో కంపెనీ యంత్రానికి, చాలాసార్లు అదే కంపెనీ వేరే మోడల్‌కు కూడా పట్టదు. రెండేళ్ల తర్వాత ఆ మోడల్ ఆపేశారనుకోండి, మోటారు నిక్షేపంలా ఉన్నా బ్యాగు లేక యంత్రం అటక ఎక్కుతుంది. విడిభాగాలు ఇన్నేళ్లు దొరకాలని వాక్యూమ్ క్లీనర్ల విషయంలో మన చట్టం అంకె పెట్టలేదు. కేంద్రం 2022 డిసెంబరులో రిపేరు హక్కు పోర్టల్ తెచ్చింది. ఏ కంపెనీ సర్వీసు, విడిభాగాల వివరాలు ఏమిటో అందులో చూసుకోవచ్చు. అది సమాచారం ఇస్తుంది గానీ బ్యాగు తెచ్చిపెట్టదు. కాబట్టి ఆ హామీని మీరే రాయించుకోవాలి.

ఇక్కడ 2019 వినియోగదారుల రక్షణ చట్టం మీకు బలమైన ఊతం. సెక్షన్ 2(10) ప్రకారం 'లోపం' అంటే విరిగిపోవడం, కాలిపోవడం ఒక్కటే కాదు. నాణ్యతలో, ప్రమాణంలో చట్టప్రకారం ఉండాల్సింది లేకపోయినా, ఒప్పందం ప్రకారం ఉండాల్సింది లేకపోయినా, అమ్మినవారు ఏ రూపంలోనైనా ఉందని చెప్పుకున్నది లేకపోయినా లోపమే. ఆ 'ఏ రూపంలోనైనా' అన్న మాటను గట్టిగా పట్టుకోండి. కౌంటర్ దగ్గర సేల్స్ అబ్బాయి నోటితో చెప్పింది రేపు రుజువు చేయడం కష్టం. అందుకని షాపు నంబరుకు వాట్సాప్‌లో ఇలా అడగండి: "ఈ మోడల్‌కు ఏ నంబరు బ్యాగు వేయాలి? ఎన్ని లీటర్లు పడుతుంది? ప్యాకెట్ ధరెంత? ఎక్కడ దొరుకుతుంది? కీసరకు మెకానిక్ వస్తాడా, మేమే మోసుకురావాలా? వస్తే విడిగా చార్జీ ఉందా?" వచ్చిన జవాబు చెరపకండి. కొన్నరోజే రెండు ప్యాకెట్ల బ్యాగులు కూడా అదే బిల్లులో కొనండి. ఆ రోజే దొరక్కపోతే ఆ మోడల్ వదిలేయడమే మేలని నేనంటాను.

పెట్టె మీద అన్ని పన్నులతో కలిపిన గరిష్ఠ ధర, తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, ఫిర్యాదు నంబరు ఉండాలి. దిగుమతి సరుకైతే ఏ దేశంలో తయారైందో కూడా ఉండాలి. బ్యాగుల ప్యాకెట్‌కూ ఈ నిబంధనలే.

"1,600 వాట్లు" అని పెద్ద అక్షరాల్లో రాసినంత మాత్రాన మురిసిపోవద్దు. అది యంత్రం తినే కరెంటు, లాగే బలం కాదు. యూరప్‌లో 2017 సెప్టెంబరు నుంచి ఇళ్లలో వాడేవి 900 వాట్లు దాటకూడదని నిబంధన పెట్టారు. అయినా ఇళ్లు శుభ్రంగానే ఉన్నాయి. అక్కడిదే ఇంకో సంగతి మీకు నేరుగా పనికొస్తుంది. కరెంటు పొదుపును చూపే యూరప్ లేబుల్ కోసం యంత్రాలను ఖాళీ బ్యాగుతో పరీక్షించేవారు. దానిపై వాక్యూమ్ క్లీనర్లు తయారుచేసే డైసన్ కంపెనీ కోర్టుకెక్కింది. దుమ్ము నిండుతున్న కొద్దీ లాగే బలం మారుతుంది కదా, ఖాళీగా చేసే పరీక్ష ఇంట్లో వాడకానికి ఎలా అద్దం పడుతుందన్నది వాదన. 2018 నవంబరు 8న ఐరోపా సమాఖ్య జనరల్ కోర్టు ఆ లేబుల్ నిబంధననే కొట్టేసింది. షాపులో చూపించే డెమో కూడా కొత్త ఖాళీ బ్యాగుతోనే. వీలైతే సగం నిండిన బ్యాగుతో చూపించమనండి. అడగడంలో తప్పులేదు.

కొత్త ఇల్లు అన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. టైల్స్ కోసిన పొడి, సిమెంటు, గోడలకు పుట్టీ రుద్దిన పిండి ఇంట్లో వాడే యంత్రంతో లాగొద్దు. ఆ పొడి బ్యాగు రంధ్రాలను మూసేసి మోటారును వేడెక్కిస్తుంది. వారంటీ కాగితంలో సాధారణంగా దీన్ని మినహాయిస్తారు, అప్పుడు మీ కేసు మొదట్లోనే బలహీనపడుతుంది. ముందు తడిగుడ్డతో రెండుమూడు సార్లు తుడిపించి, ఆ తర్వాతే యంత్రం వాడండి.

ఇంటికి తెచ్చాక లోపం బయటపడితే? "అమ్మిన వస్తువు వాపసు తీసుకోం" అని బిల్లు కింద అచ్చువేసినా భయపడకండి. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 చట్టమే చెబుతోంది. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. ఆన్‌లైన్‌లో కొంటే 2020 ఈ-కామర్స్ నిబంధనలున్నాయి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి.

ముందు 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. పాత 1986 చట్టంలో అవతలివాళ్లు ఉన్నచోటో, గొడవ పుట్టినచోటో కేసు వేయాల్సి వచ్చేది. ఇప్పుడు మీరు నివసించే జిల్లాలోనే వేయొచ్చు. కంపెనీ ముంబయిలో ఉన్నా సరే, మీరు అక్కడిదాకా వెళ్లక్కర్లేదు. సరుకుకు కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. అవతలివారు 30 రోజుల్లో జవాబివ్వాలి, మరో 15 రోజులకు మించి పొడిగించడానికి వీల్లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. అయితే మీకూ ఒక గడువుంది, రెండేళ్లు. "వచ్చే వారం మెకానిక్ వస్తాడు" అన్న మాటలతోనే ఆ రెండేళ్లు కరిగిపోవడం నేను చాలా ఇళ్లలో చూశాను. మెకానిక్ వచ్చిన ప్రతిసారీ తేదీ వేసిన జాబ్ షీట్ అడిగి తీసుకోండి.

ఉత్తరం చివర మీ చెల్లెలు నాచారంలో హాస్టల్ నడుపుతోందని, తన పేరు మీద జీఎస్టీ బిల్లు చేయిస్తే కాస్త కలిసొస్తుందేమోనని రాశారు. ఆ పని చేయకండి. వ్యాపారం కోసం కొన్నవారిని చట్టం వినియోగదారులుగా చూడదు. సొంతంగా బతుకుతెరువు కోసం కొన్నవారికి మినహాయింపు ఉన్నా, దాన్ని నిరూపించే బరువు మీ నెత్తిన పడుతుంది. బిల్లు మీ పేరు మీదే, కీసర ఇంటి చిరునామాతోనే రాయించుకోండి. మోడల్ నంబరు, సీరియల్ నంబరు పెట్టె మీదున్నవాటితో సరిపోయాయో లేదో చూసుకున్నాకే డబ్బు కట్టండి.