ఇంటర్నెట్ చదువు - మన బాధ్యత



2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన పాఠశాలల్లోని ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌ల పంపిణీ ప్రారంభించింది. 2017లో మొదలైన దీక్షా వేదికలో, పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే పాఠం తెరుచుకుంటుంది. ఇది అల్లాహ్ అనుగ్రహం. అయితే ప్రతి అనుగ్రహానికీ లెక్క చెప్పవలసి ఉంటుంది.

మొదటిది పరిశీలన. దుర్మార్గుడు తెచ్చిన వార్తను విచారించి గాని నమ్మవద్దని దివ్యఖుర్‌ఆన్ (49:6) ఆదేశిస్తోంది. హదీసువేత్తలు మాటతోపాటు దాన్ని చెప్పినవారి పరంపరనూ పరీక్షించేవారు. మన పిల్లలు కూడా తెరపై కనిపించిన జవాబును ఎవరు రాశారో చూడాలి, ఉపాధ్యాయుణ్ణి అడిగి సరిచూసుకోవాలి.

రెండవది నిజాయితీ. ఇతరుల జవాబును యథాతథంగా దించి తనదని చూపడం మోసం. మోసగించేవాడు తమవాడు కాడని దైవప్రవక్త (స) హెచ్చరించారు (ముస్లిం).

మూడవది న్యాయం. వేరుశనగ ఎండిపోయి తండ్రి బెంగుళూరుకు కూలికి వెళితే, అనంతపురం పల్లెల్లో ఇంటికి మిగిలేది ఒక్క ఫోనే. అది కొడుకు చేతికే పోతే కూతురి చదువు ఏమవుతుంది? విద్యార్జన ప్రతి ముస్లింపై విధి అన్న ప్రవక్త (స) బోధ (ఇబ్నె మాజా) ఆమెకూ వర్తిస్తుంది. మగ్రిబ్ తర్వాత ఒకరికి, ఇషా తర్వాత మరొకరికి, అందరి ఎదుట ఫోను ఇద్దాం.

అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.