ప్రాథమికోన్నత పాఠశాలలో హాజరు – ఇంటివారి పాత్ర

ఒక పాఠశాల మంచిచెడ్డలను మనము సాధారణముగా పరీక్షా ఫలితములను బట్టి నిర్ణయింతుము. ఎందరు ఉత్తీర్ణులైనారు, ఎందరు ప్రథమ శ్రేణి సంపాదించినారు అని లెక్కింతుము. కాని పరీక్ష ఏడాది చివర వచ్చునది. ప్రతి దినము ఉదయము ఉపాధ్యాయుడు హాజరు పట్టీ తెరచి పేర్లు పిలుచునప్పుడే ఆ ఫలితము కొంచెము కొంచెముగా రూపు దిద్దుకొనుచున్నది. పిలిచిన పేరునకు బదులు రాని దినములు పెరిగిన కొలది ఆ బాలుడు మొదట పాఠమునకును, పిదప పాఠశాలకును దూరమగుచున్నాడు.

ఈ వ్యాసమున 6, 7, 8 తరగతుల హాజరును గురించి, అందు ఇంటివారి బాధ్యతను గురించి చర్చింపదలచితిని. కళాశాల వార్షిక సంచికలో చిన్న తరగతుల ప్రసక్తి ఏల అని కొందరికి సందేహము కలుగవచ్చును. కళాశాల మెట్లెక్కిన ప్రతి విద్యార్థియు ఒకప్పుడు ఆ తరగతులను దాటి వచ్చినవాడే. ఐదవ తరగతిలో తనతో ఒకే బల్లపై కూర్చుండినవారు ఇప్పుడు ఎక్కడ ఉన్నారని అతడు ఒక్క క్షణము ఆలోచించినచో, ఈ విషయము మనకెంత దగ్గరిదో తెలియగలదు.

రెండు దినముల లెక్క

బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము 2009లో ఆమోదము పొంది, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని షెడ్యూలు ననుసరించి 6 నుండి 8 వరకు గల తరగతులకు ఏడాదికి 220 పని దినములు, 1000 బోధనా గంటలు ఉండవలెను. అనగా దినమునకు సగటున నాలుగున్నర గంటల బోధన.

ఒక బాలిక నెలకు రెండు దినములు మాత్రమే బడి మానినదనుకొందము. రెండు దినములే గదా అని ఇంటివారు తలతురు. జూన్ నుండి ఏప్రిల్ వరకు పదకొండు నెలలకు అవి 22 దినములగును. 220లో 22 అనగా పదవ వంతు. గంటలలో చెప్పినచో 100 గంటలు. మూడు తరగతులు పూర్తియగునప్పటికి 66 దినములు, 300 గంటలు నష్టమగును. అమెరికాలోని పెక్కు రాష్ట్రములు పని దినములలో పదవ వంతు మానిన విద్యార్థిని దీర్ఘకాలిక గైరుహాజరు జాబితాలో చేర్చుచున్నవి. మనకు అల్పముగా తోచు నెలకు రెండు దినములు సరిగా ఆ హద్దును తాకుచున్నవి.

ఈ నష్టము చిన్న తరగతులలో కంటె ఇక్కడ ఎక్కువగా బాధించును. ప్రాథమిక తరగతులలో చాలచోట్ల ఒకే ఉపాధ్యాయుడు అన్ని విషయములను బోధించును గనుక, తప్పిన పాఠమును మరునాడు అందించుట కొంత సులభము. ఆరవ తరగతి నుండి ఒక్కొక్క విషయమునకు ఒక్కొక్క ఉపాధ్యాయుడు వచ్చును. గణితము గొలుసు వంటిది. భిన్నములు బోధించిన వారము రాని బాలునకు నిష్పత్తి అర్థము కాదు. ఋణసంఖ్యలు తెలియనివానికి ఏడవ తరగతి సమీకరణము కొరకరాని కొయ్య. తెలియకపోవుట వలన సిగ్గు, సిగ్గు వలన మరల గైరుహాజరు, గైరుహాజరు వలన మరింత తెలియకపోవుట – ఈ చక్రములో చిక్కినవాడు ఒకనాడు మానుట మాని, పూర్తిగా మానివేయును.

చట్టము, అన్నము, ధనము

ఈ సమస్య క్రొత్తది కాదు. 1929లో సమర్పింపబడిన హార్టాగ్ కమిటీ నివేదిక, బడిలో చేరి నడుమ మానివేయుటను, ఒకే తరగతిలో నిలిచిపోవుటను ప్రాథమిక విద్యకు పట్టిన రెండు ప్రధాన దోషములుగా ఎత్తిచూపినది. స్వాతంత్ర్యానంతరము రాజ్యాంగము 45వ అధికరణమున, పది సంవత్సరములలో 14 ఏండ్ల వయస్సు వరకు బాలలందరికిని ఉచిత నిర్బంధ విద్య నందించుటకు ప్రయత్నింపవలెనని ఆదేశించినది. ఆ గడువు 1960లో ముగిసినది, పని ముగియలేదు. 1966లో నివేదిక సమర్పించిన కొఠారీ కమిషన్ కూడ ఆ రెండు దోషములనే మరల చర్చింపవలసివచ్చినది. తుదకు 2002లో చేసిన 86వ సవరణ 6 నుండి 14 ఏండ్ల వారికి విద్యను ప్రాథమిక హక్కుగా చేసినది. ఆ సవరణయే బిడ్డకు చదువుకొను అవకాశము కల్పించుట తల్లిదండ్రుల ప్రాథమిక విధియని కూడ చేర్చినది. హక్కును, విధిని ఒకే సవరణ జోడించుట గమనింపదగినది.

అన్నము విషయమునను కృషి జరిగినది. ఆంధ్రప్రదేశ్‌లో 2003లో ప్రాథమిక పాఠశాలలయందు వండిన మధ్యాహ్న భోజనము ప్రారంభమైనది. పిమ్మట 2008లో అది పై తరగతులకును విస్తరించినది. 6 నుండి 8 తరగతుల విద్యార్థికి 700 కెలోరీల శక్తిని, 20 గ్రాముల మాంసకృత్తులను ఇచ్చు భోజనము అందవలెనని కేంద్ర ప్రమాణము.

ధనసహాయమును లభించినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020 జనవరిలో ప్రారంభించిన అమ్మ ఒడి పథకము, పిల్లలను బడికి పంపు పేద తల్లులకు ఏటా 15,000 రూపాయల సహాయమును ప్రకటించి, 75 శాతము హాజరును నిబంధనగా పెట్టినది. తల్లిని పాఠశాలతో జోడించిన ఆలోచన మెచ్చదగినది. కాని లెక్క చూడుడు: 220 దినములలో 75 శాతమనగా 165 దినములు. 55 దినములు మానినను నిబంధన చెల్లును. చదువు మాత్రము చెల్లదు. కనుక సహాయమునకు అర్హతగా నియమించిన హద్దును చదువునకు చాలిన హద్దుగా భావింపరాదు.

చట్టము, అన్నము, ధనము – ఈ మూడును బాలుని బడి గుమ్మము దాక తీసికొని రాగలవు. కాని ఈ దినము వెళ్లవలెనా, మానవలెనా అను నిర్ణయము ప్రతి ఉదయము ఇంటిలో జరుగుచున్నది. అందుచేతనే ఇంటివారి పాత్ర ముఖ్యమగుచున్నది.

ఏల మానుచున్నారు?

పేదవారికి చదువుపై శ్రద్ధ లేదని అనేకులు తేలికగా అనుచుందురు. రంగారెడ్డి జిల్లాలో 1991 నుండి బాలకార్మికుల నడుమ పనిచేసిన మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ అనుభవము ఈ మాటకు విరుద్ధముగా ఉన్నది. ఆచార్య శాంతా సిన్హా నాయకత్వమున ఆ సంస్థ, బడి బయట నున్న ప్రతి బిడ్డను బాలకార్మికునిగానే పరిగణింపవలెనను సూత్రముతో గ్రామములందు పనిచేసినది. పని మాన్పించిన పిల్లలను శిబిరములలో తగిన తరగతికి సిద్ధపరచి బడులలో చేర్చినది. నిరుపేద తల్లిదండ్రులు సైతము తమ బిడ్డల చదువును కోరుచున్నారని, బడి వారిని ఆదరించినచో ఎన్ని కష్టములకైనను ఓర్చుకొందురని ఆ అనుభవము చాటినది. శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారము లభించినది.

మరి కారణములేవి? నిజామాబాదు, కరీంనగరు ప్రాంతములలో తల్లి బీడీలు చుట్టుచుండగా, తునికాకు కత్తిరించుటకు కూతురు చేయి సాయము కావలసివచ్చును. హైదరాబాదు పాతబస్తీలో జరీ పని, లక్కగాజుల పని ఇంటిలోనే జరుగును. పండుగ ముందు పని పెరిగినప్పుడు చిన్నవారి చేతులును అందు కలియును. కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతముల పత్తి విత్తన క్షేత్రములలో పూవులను పరాగసంపర్కము చేయు కాలమున బాలికలు బడికి దూరమైన సంగతి సుప్రసిద్ధము. కొన్ని ఇండ్లలో తండ్రి గల్ఫు దేశమున నుండును. ఆసుపత్రికి, బ్యాంకునకు, బజారునకు తల్లికి తోడు పోవలసినవాడు ఏడవ తరగతి చదువు కుమారుడే. చంటిబిడ్డను చూచుకొనుటకు పెద్దకూతురు ఇంట ఆగిపోవును. యుక్తవయస్సు వచ్చిన బాలిక విషయమున, బడి దూరము, దారి భయము, మరుగుదొడ్డి లేమి – ఇవన్నియు కలిసి, ఇక చాలును అను మాటగా మారును.

2016లో సవరింపబడిన బాలకార్మిక చట్టము 14 ఏండ్ల లోపువారిని ఏ పనిలోను నియమింపరాదని శాసించినది. ఐతే బడి వేళల తరువాతను, సెలవులలోను కుటుంబపు పనికి తోడ్పడుటను అనుమతించినది. ఆ మినహాయింపు బడి వేళల తరువాతకే అను సంగతిని మన ఇండ్లలో తెలియజెప్పుట అవసరము.

ఇంటివారు చేయదగినది

జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయపు ఆచార్యురాలు జాయిస్ ఎప్‌స్టీన్ కుటుంబ భాగస్వామ్యమును ఆరు విధములుగా విభజించినారు: బిడ్డ పెంపకము, ఇంటికి బడికి నడుమ సమాచారము, స్వచ్ఛంద సేవ, ఇంటివద్ద అభ్యాసము, నిర్ణయములలో పాల్గొనుట, సమాజముతో సహకారము. ఈ విభజన యందలి మేలు ఏమనగా, చదువు రాని తల్లికి కూడ ఇందు స్థానమున్నది. ఆమె లెక్కను దిద్దలేకపోవచ్చును. కాని వేళకు నిద్రపుచ్చి, వేళకు లేపగలదు. ఈ దినము ఏమి చెప్పినారని అడిగి, పాఠమును బిగ్గరగా చదివించుకొని వినగలదు. చుట్టాల ఇంటి ప్రయాణములను సెలవులకు జరుపగలదు. జ్వరముతో మానినచో ఆ సంగతి బడికి తెలుపగలదు. ఇవి చిన్న పనులు. నెలకు రెండు దినములు నిలిచెడివి ఈ చిన్న పనులచేతనే.

ఇంటికి చేరని జాబు

ఇంటివారిని మాత్రమే తప్పు పట్టుట న్యాయము కాదు. బడి వారిని ఎప్పుడు పిలుచుచున్నది? బాలుడు తప్పు చేసినప్పుడో, పేరు కొట్టివేయుదుమని చెప్పుటకో పిలుచును. అట్టి పిలుపునకు ఏ తండ్రి సంతోషముగా వచ్చును? విద్యాహక్కు చట్టము ప్రాథమిక విద్య పూర్తియగువరకు బాలుని బడి నుండి తొలగించుటను, శారీరక దండనను నిషేధించినది. అయినను, మానివచ్చిన బాలుని తరగతి ఎదుట అవమానించు అలవాటు ఉన్నచోట, ఒక దినపు గైరుహాజరు వారముగా పెరుగుట సహజము.

ఉర్దూ మాత్రమే చదువగల తల్లికి తెలుగులో నోటీసు పంపినచో అది ఆమెకు చేరినట్లు కాదు. తెలుగు తల్లికి ఉర్దూలో పంపినను అంతే. కూలి వేళను, శుక్రవారము జుమా నమాజు వేళను సమావేశము పెట్టి, తండ్రులు రాలేదని వ్రాసికొనుట వలన ప్రయోజనము లేదు. రంజాన్ మాసమున ఇఫ్తారు సమయమును, స్త్రీలు నిస్సంకోచముగా కూర్చుండి మాటలాడుటకు తగిన ఏర్పాటును దృష్టియందుంచుకొనవలెను.

కమిటీవారికి ఒక మనవి

చట్టము ననుసరించి ఏర్పడు పాఠశాల యాజమాన్య సంఘములలో మూడు వంతులకు తక్కువ గాకుండ నాలుగింట తల్లిదండ్రులు, సంరక్షకులు ఉండవలెను. సభ్యులలో సగము మంది స్త్రీలు కావలెను. 2012 నాటి సవరణ మైనారిటీ పాఠశాలలలో ఈ సంఘమునకు సలహా అధికారము మాత్రమే ఉంచినది. 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము, మైనారిటీ విద్యాసంస్థలకు ఈ చట్టము వర్తింపదని తీర్పునిచ్చినది. మన సంస్థలను మనమే నడుపుకొను స్వేచ్ఛ విలువైనది. చట్టము బలవంతపెట్టనందున తల్లిదండ్రులను దూరముంచినచో ఆ స్వేచ్ఛ వలన బిడ్డలకు ఒరిగినదేమి? ఇతరులు చట్టమునకు జడిసి చేయు పనిని మనము మన ఇష్టముతో చేయుట గౌరవప్రదము.

అందుకు పెద్ద ధనము అక్కరలేదు. హాజరు పట్టీని వారమునకొకసారి శ్రద్ధగా చదివినచో చాలును. అడ్డముగా చదివినచో ఒక్కొక్క బిడ్డ కథ తెలియును. నిలువుగా చదివినచో ఊరి కథ తెలియును – సంత నాడు ఎందరు మానుచున్నారు, పండుగ మరునాడు ఎందరు రారు అని. వరుసగా రెండు దినములు రాని బిడ్డ ఇంటికి కబురు, మూడవ దినము ఉపాధ్యాయుడో కమిటీ సభ్యుడో స్వయముగా వెళ్లి కుశలమడుగుట, నోటీసులు రెండు భాషలలో ముద్రించుట, ఏడాదికి ఒక్కసారియైనను మంచి మాట చెప్పుటకే తల్లిదండ్రులను పిలుచుట – ఈ నాలుగు నియమములు ఏ సంస్థకైనను సాధ్యములే.

విద్యార్థి మిత్రులారా! మన ఇండ్లలో పెక్కింట కళాశాల గడప త్రొక్కిన మొదటివారు మీరే. తల్లిదండ్రులు చదువలేని నోటీసును చదువవలసినవారు మీరే. తమ్ముని బడి సమావేశమునకు అబ్బాజాన్ పనికి పోయి రాలేకపోయినచో, అన్నగా మీరు వెళ్లి కూర్చుండవచ్చును. చెల్లెలు ఈ నెల ఎన్ని దినములు బడికి వెళ్లినదని నెలకొకమారు లెక్క చూచుట మీకు అయిదు నిమిషముల పని. అమ్మీకి ఇంటిపనిలో చేయి సాయము కావలసిన దినమున, చెల్లెలిని ఆపుటకు బదులు ఆ పనిని మీరు పంచుకొనవచ్చును. మీరు పొందిన విద్యకు మొదటి వినియోగము ఇంటనే కలదు. రేపు ఉదయము మీ వీథిలోని బడిలో పేర్లు పిలుచునప్పుడు మీ ఇంటి బిడ్డ బదులు పలుకునట్లు చూచుట మీ చేతిలోని పని.