శిశువిద్యాలయ నిర్మాణము

గుడియాత్తములో నేతగాని గుంటమగ్గము అతడు కూర్చుండు ఎత్తునకును, కాళ్లు చాచు దూరమునకును తగినట్లు అమర్పబడును. పనిచేయువానిని బట్టియే పనిచోటు ఏర్పడును. కాని మూడేండ్ల శిశువునకు కట్టు బడిని మాత్రము మనము పెద్దల కొలతలతో కట్టుచున్నాము. ఇది తగునా యని విచారింతము.

జర్మనీ దేశమున ఫ్రీబెల్ 1837లో శిశువుల కొఱకు బడి స్థాపించి, 1840లో దానికి 'కిండర్‌గార్టెన్', అనగా 'శిశూద్యానము', అని పేరిడెను. 1907లో మారియా మాంటిసోరి రోము నగరమున శిశుగృహము తెరచి, బల్లలను, అలమరలను పిల్లల ఎత్తునకు చేయించెను. ఆమె 1939లో మద్రాసునందలి అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను.

మొదట కొలతలు చూతము. మూడేండ్ల శిశువు ఎత్తు సుమారు 95 సెంటీమీటర్లు. కిటికీ అడుగుభాగము నేలకు 50 సెంటీమీటర్ల ఎత్తున నున్నచో శిశువు బయటి చెట్టును చూడగలడు. అట్టి కిటికీకి చువ్వలు తప్పక ఉండవలెను. కుర్చీకి 26 సెంటీమీటర్ల ఎత్తు చాలును.

తరువాతిది ఎండ. వేలూరు సుమారు 13వ ఉత్తర అక్షాంశమున నున్నది. ఏప్రిలు చివరను, ఆగస్టు నడుమను మధ్యాహ్న సూర్యుడు నడినెత్తిన నిలుచును. కావున ఎండ మిక్కిలిగా కప్పునకు తగులును. ఉదయము తూర్పుగోడయు, సాయంకాలము పడమటిగోడయు కాగును. అందుచేత బడి తూర్పుపడమరలుగా పొడవై, కిటికీలు ఉత్తర దక్షిణములకు ఉండవలెను. మిద్దెపై తెల్లసున్నము పూసినచో అది ఎండను త్రిప్పి పంపును. వేడిగాలి పైకి పోవును గనుక గోడ పైభాగమున గాలిరంధ్రములు విడువవలెను. పడమట వేపయో కానుగయో నాటుట మేలు.

ఆకుల కప్పు చల్లనిది, చౌకయైనది. కాని 2004 జూలై 16వ తేదీన కుంభకోణములో ఒక బడి వంటశాలనుండి నిప్పు ఆకుల కప్పునకు అంటుకొని 94 మంది పిల్లలు మరణించిరి. బయటపడుటకు దారి ఇరుకు. కావున చల్లదనమొక్కటే చూచి భద్రతను మరువరాదు. వంటశాల వేరుగా నుండవలెను. ప్రతి గదికి రెండు ద్వారములు ఉండి, తలుపులు బయటికి తెరచుకొనవలెను.

ఇక నీరు. 2021 నవంబరులో కౌండిన్యనది పొంగి గుడియాత్తమును బాధించెను. కనుక నదీతీరమున అరుగు ఎత్తుగా కట్టవలెను. 100 చదరపు మీటర్ల మిద్దెపై ఒక సెంటీమీటరు వాన కురిసిన 1,000 లీటర్ల నీరగును. తమిళనాడులో 2003నుండి కట్టడములకు వాననీటి సేకరణ విధింపబడినది. బడి ఆ నీటిని పోగొట్టుకొనరాదు.

గోడపై శిశువు కంటికందు ఎత్తున తమిళాక్షరములతోపాటు మన తెలుగక్షరములును ఉండిన, ఇంటిమాట బడిలోను పలుకరించును.

విద్యార్థులారా! మీ వీథిలోని అంగన్‌వాడీకి కొలబద్దతో వెళ్లి, అనుమతి గైకొని, కిటికీ, మెట్టు, ద్వారము కొలువుడు. తరువాత మోకాళ్లపై నిలిచి చూడుడు. శిశువునకు కనబడునదే ఆ బడి.